చిత్రకారులు, చిత్రకారిణులు: న్యూయార్క్ నైరూప్య కళలో స్త్రీల సమూహ ప్రదర్శనలు

మనిషినో చెట్టునో కథనో చూపకుండా, గీత, రంగు, ఖాళీ స్థలం అనే మూడింటి అమరికతోనే నిలబడే చిత్రాన్ని నైరూప్య చిత్రం అంటారు; చుక్కల చుట్టూ మెలికలు తిరిగే ముగ్గు ఏ వస్తువుకూ బొమ్మ కాకుండానే నిండుగా ఉన్నట్టు, ఈ చిత్రమూ దేన్నీ పోలకుండానే పూర్తి అవుతుంది. అటువంటి చిత్రాన్ని వేసినవారు ఆడవారో మగవారో తెలిపే ఆనవాలు అందులో ఉండదు కనుక, కనీసం ఈ రంగంలోనైనా స్త్రీలకు సమాన స్థానం తేలికగా దక్కి ఉండవలసింది. అయితే ఇరవయ్యో శతాబ్దపు న్యూయార్క్‌లో విమర్శకులు, గ్యాలరీ యజమానులు చిత్రంలో కనిపించని ఆ సంగతిని దాని కింద ఉన్న సంతకంలో వెతికారు. స్త్రీల చిత్రాలను మాత్రమే ఒకచోట చేర్చే సమూహ ప్రదర్శన ఈ వివక్షకు విరుగుడుగా మొదలై, తనతో పాటు మరొక చిక్కును కూడా తెచ్చింది.

1942 అక్టోబరులో కళాపోషకురాలు పెగ్గీ గుగ్గెన్‌హైమ్ న్యూయార్క్‌లో 'ఆర్ట్ ఆఫ్ దిస్ సెంచరీ' అనే గ్యాలరీని తెరిచి, మరుసటి జనవరిలో 31 మంది స్త్రీల కృతులతో ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఆ ఆలోచన ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డ్యుషాంప్‌ది. కృతులను ఎంపిక చేసిన సంఘంలోనూ ఎక్కువమంది పురుషులే. కలల లోకాన్ని చిత్రించే సర్రియలిస్టులూ నైరూప్య చిత్రకారులూ ఆ ప్రదర్శనలో కలిసే ఉన్నారు కాబట్టి, వారిని ఒక్క గోడ మీదికి చేర్చినది శైలి కాదు, స్త్రీలు కావడమే. అప్పటికే ప్రసిద్ధి పొందిన జార్జియా ఓకీఫ్, తనను 'స్త్రీ చిత్రకారుల' లెక్కలో వేయడం ఇష్టంలేక ఆహ్వానాన్ని నిరాకరించారు. ఈ అభ్యంతరాన్ని తెలుగు పాఠకులు ఇంకా బాగా గ్రహించగలరు, ఎందుకంటే తెలుగులో ఏకవచనం వాడవలసి వచ్చినప్పుడు 'చిత్రకారుడు' అనో 'చిత్రకారిణి' అనో ప్రత్యయమే ముందుగా లింగం చెప్పేస్తుంది. 'చిత్రకారులు' అనే బహువచనం ఒక్కటే ఆ ప్రశ్న అడగకుండా అందరికీ చోటిస్తుంది.

ఓకీఫ్ కోరినటువంటి లెక్కింపు కొంతవరకు 1951 మే నెలలో జరిగిన 'నైన్త్ స్ట్రీట్ షో'లో కనిపించింది. కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక భవనంలోని ఖాళీ దుకాణాన్ని కళాకారులే అద్దెకు తీసుకుని, కళా వ్యాపారి లియో కాస్టెల్లి ఆర్థిక సహాయంతో 60 మందికి పైగా చిత్రకారుల, శిల్పుల కృతులను ప్రదర్శించారు. లీ క్రాస్నర్, ఎలైన్ డి కూనింగ్, గ్రేస్ హార్టిగన్, జోన్ మిచెల్, హెలెన్ ఫ్రాంకెంథాలర్ అక్కడ పురుషుల సరసనే, విడిగా ఏ గదీ లేకుండా నిలిచారు. చేతి కదలికనూ రంగు పారిన తీరునూ చిత్రానికి విషయంగా చేసుకున్న అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం అనే ధోరణి లోకానికి తెలియడంలో ఈ ప్రదర్శనకు పెద్ద పాత్ర ఉంది.

ఆ సరసన నిలవడం వెనుక ఉన్న అసమానత మాత్రం చిన్నది కాదు. హార్టిగన్ ఆ తొలి సంవత్సరాలలో 'జార్జ్' అనే పురుష నామంతో తన చిత్రాలను ప్రదర్శించేవారు. జార్జ్ శాండ్, జార్జ్ ఎలియట్ అనే రచయిత్రుల మీది గౌరవమే అందుకు కారణమని తరువాత వివరించినా, ఆ రచయిత్రులు సైతం పురుష నామాన్ని ఎందుకు ఆశ్రయించవలసి వచ్చిందో మరువరాదు. క్రాస్నర్ గురువు హాన్స్ హాఫ్‌మన్ ఆమె చిత్రాన్ని మెచ్చుకుంటూ, అది స్త్రీ వేసినదని ఎవరూ పోల్చుకోలేరని అన్నారు. ఆయన దృష్టిలో అదే పెద్ద ప్రశంస. క్రాస్నర్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్‌ను పెళ్లాడి 1945లో లాంగ్ ఐలాండ్‌లోని స్ప్రింగ్స్ గ్రామానికి చేరాక, పెరట్లోని పెద్ద కొట్టం ఆయన చిత్రశాల అయింది, ఇంటి మేడ మీది పడకగది ఆమెది అయింది. ఆ గదిలో పుట్టిన 'లిటిల్ ఇమేజ్' చిత్రాలు చిన్నవి; 1956లో పొలాక్ మరణించిన తరువాత ఆమె కొట్టంలోకి మారి, మరుసటి ఏడాది 17 అడుగుల వెడల్పున్న 'ది సీజన్స్'ను చిత్రించారు. స్త్రీల చిత్రాలలో సహజంగానే సున్నితత్వమూ చిన్న పరిమాణమూ ఉంటాయని వాదించేవారు చిత్రం కన్నా ముందు అది పుట్టిన గది కొలతలను పరిశీలించవలసి ఉంటుంది.

ఇంత అసమానత ఉన్నా, ప్రభావం స్త్రీల నుంచి పురుషులకూ చేరింది. ఫ్రాంకెంథాలర్ 1952లో ప్రైమర్ పూత వేయని ముడి కాన్వాసును నేల మీద పరిచి, పలుచన చేసిన తైలవర్ణాన్ని దానిలోకి ఇంకనిచ్చి 'మౌంటెన్స్ అండ్ సీ' వేశారు. మరుసటి ఏడాది ఆ చిత్రాన్ని చూసిన చిత్రకారులు మారిస్ లూయిస్, కెన్నెత్ నోలండ్ తమ పద్ధతినే మార్చుకున్నారు.

1972లో న్యూయార్క్‌లో స్త్రీలే స్వయంగా నిర్వహించుకునే సహకార గ్యాలరీగా 'ఏ.ఐ.ఆర్.' ఆరంభం కావడంతో, ఎంపిక అధికారం కూడా వారి చేతికే వచ్చింది. 1943 నాటి 31 మంది ప్రదర్శనతో పోలిస్తే అసలైన మార్పు ఇదే. అయితే అక్కడ కూడా శ్వేతజాతి స్త్రీలదే పైచేయిగా ఉండటంతో, అలీగఢ్‌లో పుట్టిన జరీనా, క్యూబాకు చెందిన ఆనా మెండియెటా, జపాన్‌కు చెందిన కజుకో మియామోటో కలిసి, అమెరికాలోని మూడవ ప్రపంచపు స్త్రీలు ఎనిమిది మందితో 1980లో అదే గ్యాలరీలో ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఇంటినీ సరిహద్దునూ కొద్ది గీతల్లోకి కుదించగలిగిన జరీనా కళకు భారతదేశంలో దీటైనది, బరోడాలో బోధిస్తూ పెన్సిలు, సిరాలతో సన్నని గీతలు గీసిన నస్రీన్ మొహమ్మదీ కళ. నస్రీన్ తన చిత్రాలకు పేర్లు సైతం పెట్టలేదు.

నైన్త్ స్ట్రీట్ గోడల మీద ఒకప్పుడు కలిసి ఉన్న ఆ తరం స్త్రీలకు ప్రత్యేకంగా ఒక మ్యూజియం పెద్ద ప్రదర్శనను కేటాయించడానికి 2016 వరకు పట్టింది. డెన్వర్ ఆర్ట్ మ్యూజియం ఆ ఏడాది నిర్వహించిన 'విమెన్ ఆఫ్ అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం'లో 12 మంది చిత్రాలు చోటుచేసుకోగా, ఆ రోజును చూడటానికి జీవించి ఉన్నవారు మేరీ ఆబట్, సోనియా గెక్టాఫ్, జూడిత్ గాడ్విన్ మాత్రమే. అప్పటికి ముగ్గురూ 85 ఏళ్లు దాటినవారు.