తొడలోంచి గుండె దాకా

1967. న్యూయార్క్‌, బ్రూక్లిన్‌లోని మైమోనిడీస్ ఆస్పత్రి. మంచం మీద నలభై దాటిన ఆడమనిషి. పెద్ద గుండెపోటు. ఒళ్లు మంచులా చల్లబడిపోయింది. నుదుటి మీద జిగట చెమట. పిలిస్తే పలకడం లేదు. మందులు ఎక్కుతూనే ఉన్నాయి. బీపీ మాత్రం లేవడం లేదు.

డాక్టర్ ఏడ్రియన్ కాంట్రోవిట్జ్‌కి తెలుసు, ఇది కార్డియోజెనిక్ షాక్. దెబ్బతిన్న గుండె రక్తాన్ని తోయలేదు, తోయకపోతే దానికే రక్తం అందదు, అందకపోతే ఇంకా నీరసిస్తుంది. మందులతో దాన్ని అదిలించడమంటే అలిసి కూలబడ్డ ఎద్దుని ములుగర్రతో పొడవడమే. ఆ రోజుల్లో ఈ షాక్‌లోకి జారినవాళ్లలో పదికి ఎనిమిదిమంది దాకా పోయేవాళ్లు. ఆయన చేతిలో మిగిలింది ఒక్కటే దారి. అది అప్పటిదాకా జంతువుల మీద తప్ప మనిషి మీద నడవని దారి.

ఆయన అన్న ఆర్థర్ భౌతికశాస్త్రవేత్త. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ పాత రేడియో ముక్కలతో ఈసీజీ యంత్రం కట్టేశారు. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది కొట్టుకున్నప్పుడు కాదు, కొట్టుకుని సేద తీరినప్పుడు. సరిగ్గా ఆ సందులో రక్తానికి ఒక తోపు ఇస్తే దానికి అందే రక్తం ఇంకా పెరుగుతుందని 1953లో ఇద్దరూ కలిసి రుజువు చేశారు.

తొడ దగ్గర కోత పడింది. ధమని బయటపడింది. సన్నటి గొట్టం, దాని చివర ముడుచుకున్న బెలూన్, తొడ ధమనిలోంచి పైకి, పొట్ట దాటి, ఛాతీలోని బృహద్ధమనిలోకి మెల్లమెల్లగా ఎక్కుతుంటే, ఈసీజీ తీగ గుండె ప్రతి కదలికనీ యంత్రానికి చేరవేస్తుంటే, గదిలో అందరి కళ్లూ బీపీ గీత మీదే అతుక్కుపోయాయి. గుండె సేద తీరినప్పుడు బెలూన్ ఉబ్బాలి. కొట్టుకోబోయే ముందే ముడుచుకోవాలి. అందుకే హీలియం. తేలిక వాయువు, సన్న గొట్టంలో రివ్వున పరిగెడుతుంది. లెక్క తప్పితే బెలూన్ గుండెకే అడ్డుపడుతుంది.

స్విచ్ వేశారు.

ఉబ్బింది. ముడుచుకుంది. ఉబ్బింది. బీపీ గీత కదిలింది, ఎక్కడం మొదలెట్టింది. గంటలు గడిచాయి. ఇప్పుడు అసలు పరీక్ష. యంత్రం ఆపేస్తే?

ఆపారు. గుండె నిలదొక్కుకుంది. ఆవిడ కోలుకుని ఇంటికి వెళ్లింది.

బెలూన్ దేశదేశాలకీ పాకింది. 2012లో జర్మనీలో 600 మంది మీద గట్టి పరీక్ష జరిగింది. షాక్‌లో ఉన్నవాళ్లకి మామూలుగా బెలూన్ పెట్టుకుంటూ పోతే 30 రోజుల్లో చావులు తగ్గలేదు. అంతేనా ఇక?

కాదు. 2024లో మరో పరీక్ష ఫలితం వచ్చింది. ఇంపెల్లా అనే చిన్న పంపు. అదే తొడ దారిన గుండె గదిలోకే వెళ్లి రక్తాన్ని లాగి బృహద్ధమనిలోకి పోస్తుంది. మామూలు చికిత్సలో 180 రోజుల్లో నూటికి దాదాపు 59 మంది పోతే, పంపు పెట్టినవాళ్లలో 46 మంది. అయితే రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం, డయాలసిస్ అవసరం పెరిగాయి. పైగా ఆ రోగుల్ని ఏరి మరీ ఎంచారు. అందరికీ కాదు, ఎవరికన్నదే ప్రాణం.

ఏ పంపైనా గుండెకి గడువు మాత్రమే ఇస్తుంది. ఆ గడువులో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవాల్సింది డాక్టర్లు. ఛాతీలో నొప్పి మొదలవగానే గ్యాసేలే అని పడుకోకుండా ఆస్పత్రికి పరిగెత్తాల్సింది మనం.