జిమ్మీ పేరున చేరిన చందాలు

క్యాన్సర్ మీద పనిచేసే శాస్త్రవేత్తలకు డబ్బిచ్చే పాత నిధుల పేర్లు చూస్తే, కొన్నిటి వెనక ఒక చావు కనిపిస్తుంది. లేడీ మెహర్‌బాయి టాటా 1931లో రక్తక్యాన్సర్‌తో పోయారు. మరుసటి ఏడు భర్త సర్ దొరాబ్జీ టాటా ఆమె పేరున ఒక ట్రస్టు పెట్టి, ఆ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్లకు, వాళ్లు ఏ దేశంవాళ్లయినా సరే, డబ్బు అందే ఏర్పాటు చేశారు. ఆ ఏడే ఆయనా కన్నుమూశారు. న్యూయార్క్ పత్రికా రచయిత డేమన్ రన్యన్ 1946లో గొంతు క్యాన్సర్‌తో చనిపోతే, మిత్రుడు వాల్టర్ వించెల్ రేడియోలో శ్రోతలను చందాలు అడిగాడు. అలా పుట్టిన సంస్థ ఇప్పటికీ యువ పరిశోధకులకు ఫెలోషిప్పులు ఇస్తోంది.

బోస్టన్‌లో పుట్టిన జిమ్మీ ఫండ్ కథ వేరు. అందులో పిల్లవాడు బతికాడు. ఆ కథలో మన భీమవరం మనిషి కూడా ఉన్నారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివాక పైచదువుకు అమెరికా వెళ్లాలన్నది కోరిక. చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత కూడబెట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. ఆ అండతో ఓడెక్కి, బోస్టన్‌లో రాత్రిళ్లు ఆసుపత్రి చాకిరీ చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. ఆయన బృందం అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఒక రకం రక్తహీనతకు అది మందు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉండేవాడు. రక్తక్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు కనిపించింది. క్యాన్సర్ కణం దీన్ని తినే పెరుగుతుంటే, నోటికాడ కూడు లాగేస్తే సరి కదా అనుకున్నాడు. సుబ్బారావు బృందం అచ్చం ఫోలిక్ ఆమ్లంలా ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాలు తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. 1948 జూన్ 3న అచ్చయిన వ్యాసంలో ఫార్బర్ 16 మంది పిల్లల సంగతి రాశాడు. 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. కొన్నాళ్లపాటే. కానీ అంతకుముందు ఆ పిల్లలకు ఆ కొన్నాళ్లు కూడా ఉండేవి కావు.

పని ముందుకు సాగాలంటే డబ్బు కావాలి. అమెరికా ప్రభుత్వం 1937లోనే చట్టం చేసి జాతీయ క్యాన్సర్ సంస్థను పెట్టింది కానీ, ఆ చట్టం ఒప్పుకున్నది దేశం మొత్తానికీ ఏటా 7 లక్షల డాలర్లు. చావు తప్పని పిల్లల మీద మందులు ప్రయోగించడమేమిటని తోటి డాక్టర్లే ఫార్బర్‌ను తప్పుపట్టారు. ఆయనకు అండగా వచ్చింది సినిమావాళ్లు. హాళ్ల యజమానులూ వినోదరంగం వాళ్లూ కలిసి నడిపే వెరైటీ క్లబ్బు, 1948 మే 22 రాత్రి దేశమంతా వినే ఒక రేడియో కార్యక్రమంలో ఫార్బర్ దగ్గర వైద్యం పొందుతున్న 12 ఏళ్ల కుర్రాడితో మాట్లాడించింది. అసలు పేరు ఐనార్ గుస్టాఫ్సన్, మెయిన్ రాష్ట్రపు రైతుబిడ్డ. పేరు బయటపడకూడదని జిమ్మీ అన్నారు. మాట్లాడుతుండగానే అతను ప్రాణంగా అభిమానించే బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాళ్లు ఒక్కొక్కరే గదిలోకి నడిచొచ్చారు. 20 వేల డాలర్లు చేరితే, జిమ్మీ ఆట చూసుకోవడానికి టీవీ కొనిస్తామని శ్రోతలకు చెప్పారు. ఆ ఏడాది చేరింది 2 లక్షల 31 వేల డాలర్లు. పిల్లలు కవర్లలో చిల్లర పెట్టి పంపారు. ఆ తర్వాత సినిమా హాళ్లలో, ఆటస్థలాల దగ్గర జిమ్మీ పేరున చందా డబ్బాలు వెలిశాయి. 1952 నాటికి ఫార్బర్ చేతిలో సొంత పరిశోధన భవనం ఉంది.

మేరీ లాస్కర్ అనే ధనవంతురాలు ఫార్బర్‌తో కలిసి ఏళ్ల తరబడి ప్రభుత్వం వెంటపడింది. 1971 డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టం మీద సంతకం చేశాక ప్రభుత్వ నిధులు పెద్ద ఎత్తున వచ్చాయి. చందా డబ్బాల తర్వాతే ఖజానా కదిలింది.

జిమ్మీ చిన్నప్పుడే పోయాడని చాలామంది అనుకున్నారు. యాభై ఏళ్లకు, 1998లో, లారీ నడుపుకుని బతికిన పెద్దమనిషిగా అతను జనం ముందుకు వచ్చాడు. 2001 వరకు బతికాడు. సుబ్బారావుగారికి అంత ఆయుష్షు దక్కలేదు. ఆ రేడియో కార్యక్రమం జరిగిన మూడు నెలల్లోపే, 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన బృందం చేసిన మరో మందు మెథోట్రెక్సేట్ ఈరోజుకీ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇస్తున్నారు.

నాకు ఈ కథ మొత్తంలో మనసుకు పట్టేది కాకినాడ సంస్థ ఇచ్చిన మాటే. ఊరుకాని ఊరు వెళ్తున్న ఓ పేద డాక్టరును నమ్మి ఇచ్చిన మాట అది. రోగి వైద్యానికి చందా అడిగితే మనవాళ్లు వెనకాడరు. గుడికీ అన్నదానానికీ అంతే. పరిశోధక విద్యార్థికి ఇవ్వాలన్న ఆలోచనే మనలో తక్కువ. అమ్మ పేరునో నాన్న పేరునో ఏదైనా చెయ్యాలనుకునేవారు, మీ జిల్లాలోని విశ్వవిద్యాలయానికి వెళ్లి క్యాన్సర్ మీద పనిచేస్తున్న ఒక విద్యార్థికి ఉపకార వేతనం పెట్టండి.