ముందు దిగాలి, ఆఖరున ఎక్కాలి

మొన్న ఆదివారం ఫోన్లో మా బాబాయి కోపంగా అడిగాడు: "అంత మంచిగ ఈదే పిల్లగాన్ని ఒడ్డు మీద కూసోబెట్టుడేందిరా? ఆ కోచ్‌ను నువ్వేం అడగలేదా?" ఆయన ఇప్పటికీ హైదరాబాద్ ఫలక్‌నుమాలోనే, ఇంజిన్ బౌలి దగ్గరి మా పాత ఇంట్లో ఉంటాడు. నాకు ఈత నేర్పింది ఆయనే. ఆయన అడిగినదానికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. చెప్పాలంటే అమెరికాలో ఈత కొలనుల కథ కొంత చెప్పాలి. ఆ కథ మన పిల్లల తల్లిదండ్రులకు కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది వర్జీనియాలో, వాషింగ్టన్‌ను ఆనుకుని ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. మే నెలాఖరు రాగానే ఇక్కడ పేటపేటకూ ఉన్న ఈత కొలనులు తెరుచుకుంటాయి, సెప్టెంబరు మొదటి సోమవారంతో మూసేస్తారు. చాలా కొలనులకు ఒక పిల్లల జట్టు ఉంటుంది. ఈ జట్లన్నిటినీ కలిపే నార్తర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్ 1956లో పుట్టింది. ఇప్పుడు వంద దాకా జట్లున్నాయి. జూన్ చివర నుంచి శనివారం పొద్దున్నే పోటీలు. ఒక్కో పోటీలో అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. మొదటి మూడు స్థానాలకు 5, 3, 1 పాయింట్లు. రిలేలో మాత్రం గెలిచిన జట్టుకు 5, ఓడిన జట్టుకు సున్నా. స్టాప్‌వాచ్ పట్టుకునేదీ, తప్పులు చూసే జడ్జీలూ, రిబ్బన్లు పంచేదీ అందరూ తల్లిదండ్రులే. కోచ్‌లు ఎక్కువగా కాలేజీ పిల్లలు, నిన్నమొన్నటి దాకా ఆ జట్టులోనే ఈదినవాళ్లు.

పక్కనే మేరీలాండ్‌లో ఇలాంటి వేసవి జట్టులోనే, పాలిసేడ్స్ అనే కొలనులో, కేటీ లెడెకీ ఆరేళ్ల వయసులో మొదలుపెట్టింది. పదిహేనేళ్లకు లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచింది. 2016లో రియోలో అదే పోటీని 11 సెకన్లకు పైగా తేడాతో గెలిచింది. అందుకే మా కొలను గట్టున కూర్చున్న తల్లిదండ్రులందరి మనసులోనూ ఆ అమ్మాయే మెదులుతూ ఉంటుంది. నా మనసులోనూ మెదిలింది. మా వాడికి పదేళ్లు. కప్ప ఈతలో వాడి ఈడువాళ్లెవరూ వాణ్ని అందుకోలేరు.

గొడవ జరిగిన శనివారం వాడు తన పోటీ గెలిచాడు. తర్వాత రిలే. నలుగురు నాలుగు రకాల ఈతలు ఈదాలి. బటర్‌ఫ్లై ఈదిన తొమ్మిదేళ్ల పిల్లాడు గోడను రెండు చేతులతో తాకాల్సింది ఒక చేత్తో తాకాడు. జడ్జి చెయ్యెత్తింది. రిలే మొత్తం కొట్టేశారు. పక్క లేన్ పిల్లాడు తాడు మీదుగా చెయ్యి చాపితే మావాడు చూడనట్టే పైకెక్కేశాడు. గాగుల్స్ తీసి నేలకేసి కొట్టాడు. అందరూ చూస్తుండగా ఆ చిన్నవాడి ముఖం మీదే "నీవల్లే పోయింది" అని అరిచాడు. నేను మూడో లేన్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకూ పోయిన 5 పాయింట్లే కనిపించాయి. బాగా చదివే పిల్లాడికి మన ఇళ్లల్లో అన్నీ మాఫీ. ర్యాంకు తెచ్చేవాడు ఎవరిని కసిరినా చెల్లిపోతుంది. ఆ అలవాటును నేను సముద్రం దాటించి ఇక్కడిదాకా తెచ్చుకున్నానని అప్పుడు తెలియలేదు.

సాయంత్రం కోచ్ ఫోన్ చేసింది. పంతొమ్మిదేళ్ల అమ్మాయి. వచ్చే శనివారం మీవాడు తన పోటీ ఈదుతాడు, రిలే మాత్రం ఈదడు, మిగతా సమయమంతా ఎనిమిదేళ్ల లోపు పిల్లల బెంచీ దగ్గర ఉంటాడు అని చెప్పింది. నేను వాదించాను. జట్టు ఓడిపోతుందన్నాను. ఓడిపోవచ్చని తనకూ తెలుసంది. అంత కోపంగా ఉంటే ఒక రోజు ప్రాక్టీసు నుంచి ఇంటికి పంపించెయ్యండి, రిలేలోంచి తీయడమెందుకు అన్నాను. "కొలను నుంచి పంపించడం మాకు శిక్ష కాదు. దగ్గర పెట్టుకుంటాను" అంది.

ఆ మాట వెనక ఎంత చరిత్ర ఉందో ఆ అమ్మాయికి తెలుసో లేదో. నాకు తెలియడానికి మాత్రం కొన్నాళ్లు పట్టింది.

ఈ దేశంలో ఈత కొలను అంటే ఎవరిని రానివ్వకూడదు అన్న కథే చాలాకాలం. 1949 జూన్ 21న సెయింట్ లూయిస్ నగరం ఫెయిర్‌గ్రౌండ్ పార్క్ కొలనులోకి నల్లజాతి పిల్లలను మొదటిసారి రానిచ్చింది. సాయంత్రానికి తెల్లవాళ్లు వేలల్లో గుమిగూడి కనిపించిన నల్లపిల్లలను కొట్టారు. మర్నాడే మేయర్ పాత పద్ధతి మళ్లీ పెట్టాడు. 1964 జూన్ 18న ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఒక మోటెల్ కొలనులోకి దూకితే మేనేజర్ నీళ్లలో యాసిడ్ పోశాడు. పౌర హక్కుల బిల్లు సెనేట్‌లో నెగ్గింది ఆ మర్నాడే. మిసిసిపీలోని జాక్సన్ నగరమైతే అందరినీ రానివ్వడం కంటే కొలనులు మూసుకోవడమే మేలనుకుంది. 1971లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అది తప్పు కాదంది. ఆ తీర్పు చదివిన రోజు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఊరి కొలనుల్లో అందరూ దిగే రోజులు వచ్చేసరికి తెల్లవాళ్లు ఎంతోమంది శివార్లకు మారిపోయారు. అక్కడ సభ్యులకు మాత్రమే అనే కొలనులు కట్టుకున్నారు. మా వేసవి జట్లు చాలావరకు ఈదేది ఆ తరం కొలనుల్లోనే. మేం ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని తన కొలను వాటా మాకు రాసిచ్చాడు, కమిటీ ఒక సంతకం పెట్టింది. పది నిమిషాల పని. 1965లో ఇదే కౌంటీలో పాల్ సల్లివన్ అనే తెల్లాయన తన ఇల్లు అద్దెకిచ్చి, లిటిల్ హంటింగ్ పార్క్ కొలను వాటా కూడా అద్దెకున్నాయన పేరున రాశాడు. అద్దెకొచ్చిన ఫ్రీమన్ నల్లజాతివాడు. కమిటీ ఆ ఒక్క సంతకం పెట్టనంది. ఇదేమిటని గట్టిగా అడిగినందుకు సల్లివన్‌ను కూడా సంఘం నుంచి తీసేశారు. ఆయన వదల్లేదు. 1969 డిసెంబరు 15న సుప్రీంకోర్టు 1866 నాటి చట్టాన్ని తీసి, వాళ్లు చేసింది చెల్లదంది. మేరీలాండ్‌లోని వీటన్-హేవెన్ కొలను మీద 1973లో ఇలాంటి తీర్పే వచ్చింది.

తీర్పులు వచ్చినా, ఈత రాని తల్లిదండ్రుల పిల్లలకు ఈత అబ్బడం కష్టం. నల్లజాతి పిల్లల్లో 64 శాతం మందికి ఈత రాదని, వచ్చినా అంతంతమాత్రమేనని యూఎస్ఏ స్విమ్మింగ్ ఫౌండేషన్ 2017లో చెప్పింది.

మనకు ఇదంతా కొత్తేమీ కాదు. 1927లో అంబేడ్కర్ దళితులతో కలిసి మహాడ్ చెరువు నీళ్లు తాగడానికి ఊరేగింపుగా వెళ్లాల్సి వచ్చింది. జంగమ్మెట్ దాటాక తోటలో మేం ఈదిన మోటబావి సంగతే చూడండి. గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ కనబడేది. నడుముకు బెండు కట్టుకుని మేం దూకుతుంటే, కొన్ని ఇళ్ల పిల్లలు గట్టు మీదే నిలబడి చూసేవాళ్లు. వాళ్లను దిగమని పిలిచినవాళ్లు లేరు. ఆడపిల్లలైతే గట్టు దాకా కూడా వచ్చేవాళ్లు కాదు. అప్పట్లో అది నాకు తప్పుగా తోచనే లేదు.

అయినా ఆ బావి దగ్గర బాబాయి పెట్టిన నియమం ఒకటుండేది. "ఈత వచ్చినోడు ముందు దిగాలె, ఆఖరికి ఎక్కాలె." బాగా ఈదేవాణ్ని ఉస్తాద్ అనేవాళ్లం. ఎత్తు నుంచి దూకినందుకు వాడికి ఆ పేరు రాలేదు. చిన్నవాళ్లు దూకేటప్పుడు కింద నీళ్లలో ఉండి, మునిగినవాణ్ని జుట్టు పట్టి పైకి లాగినందుకు వచ్చింది. ఇక్కడా అంతే. పోటీలో ఎంత ముందు వచ్చినా ఆఖరి పిల్లాడు గోడ తాకేదాకా నీళ్లలోనే ఉండాలి, పక్క లేన్ వాడికి చెయ్యివ్వాలి. మావాడు మీరింది ఆ నియమాన్నే.

తర్వాతి శనివారం వాడు మార్కర్ పట్టుకుని చిన్నపిల్లల చేతుల మీద పోటీ నంబరూ లేన్ నంబరూ రాశాడు. వరసగా నడిపించుకెళ్లి నిలబెట్టాడు. ఆరేళ్ల పాప ఒకతి నీళ్లు చూసి బిగుసుకుపోయింది. మావాడు గట్టు వెంబడి పరిగెత్తి అవతలి ఒడ్డు చేరి, అక్కడ మోకాళ్ల మీద కూర్చుని ఆమెను పేరు పెట్టి పిలిచాడు. 25 మీటర్లకు చాలాసేపు పట్టింది. పాప గోడ తాకేదాకా వాడు లేవలేదు. బటర్‌ఫ్లై పిల్లాడికి అంతకు ముందే బుధవారం ప్రాక్టీసులో, తల వంచుకుని, రెండు మాటల్లో క్షమాపణ చెప్పాడు. తొందరపెట్టి చెప్పించింది నేను కాదు.

ప్రతిభ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ వాడు గెలిచి, పక్కవాణ్ని చిన్నబుచ్చితే కోచ్‌తో వాదించకండి. వాణ్ని అక్కడినుంచి పంపించమని అసలు అడగకండి. వాడికంటే చిన్నవాళ్లను వాడి చేతికి అప్పగించమని అడగండి.

వాడు లేకుండా ఆ శనివారం మా జట్టు రిలే ఓడిపోయింది, 5 పాయింట్లూ అవతలివాళ్లకే పోయాయి. బాబాయ్, ఆ కోచ్ చేసింది సరైన పని.