మోలే: ఒక వంటకం చరిత్ర, పథ్యం చెప్పే పాఠం

పరిచయం

శాసనాలు, నాణేలు, దస్తావేజులు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. వంటకం కూడా అటువంటి ఆధారమే. ఈ భాగంలో మెక్సికో దేశపు 'మోలే'ను పరిశీలిద్దాం. ఎండుమిరపకాయలు, గింజలు, మసాలా దినుసులు నూరి కాచిన చిక్కని పులుసు ఇది. ఇందులో ఉడికించిన కోడిమాంసం వేసి వడ్డిస్తారు. పథ్యం చేసేవారి కోసం ఇందులోని కొన్ని దినుసులను తీసివేస్తే అది మోలేగానే మిగులుతుందా? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది.

స్పానిష్ ఆక్రమణకు పూర్వం

ఆజ్టెక్ ప్రజల నావాటల్ భాషలో 'మోల్లి' అంటే నూరి చేసిన పులుసు. 1521లో వారి రాజధాని టెనోచ్‌టిట్లాన్ స్పెయిన్ వశమైంది. ఆ తరువాత బెర్నార్డినో దె సహగున్ అనే క్రైస్తవ సన్యాసి, స్థానికుల సహాయంతో వారి జీవన విధానాన్ని గ్రంథస్థం చేశాడు. 'ఫ్లోరెంటైన్ కోడెక్స్'గా పేరొందిన ఆ గ్రంథంలో మిరప, టమోటా, నూరిన గుమ్మడి గింజలతో చేసిన వంటకాలు కనిపిస్తాయి. అప్పటి మాంసం టర్కీ కోడిది. కకావో గింజలతో చేసినది ప్రధానంగా పానీయం. మన సన్నికల్లును పోలిన 'మెటాటే' అనే రాతిమీద నూరేవారు.

ఆక్రమణ తరువాత

గోధుమ, బాదం, నువ్వులు, చెరకు, పంది కొవ్వు, మనకు తెలిసిన నాటుకోడి ఇవన్నీ స్పానిష్ వారితో వచ్చాయి. మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క ఆసియా నుంచి చేరాయి. బాదం, రొట్టె నూరి పులుసును చిక్కబరచడం మధ్యయుగపు స్పెయిన్ వంటపద్ధతి. పాత మోల్లిలో ఇవి కలిసి నేటి మోలే రూపొందింది.

ప్యూబ్లా నగరంలోని సాంటా రోసా మఠంలో ఒక సన్యాసిని దీనిని తొలిసారి వండినదని ప్రసిద్ధ కథ. అతిథి వైస్రాయ్ అని కొందరు, బిషప్ అని మరికొందరు చెబుతారు. ఒక వంటకాన్ని ఒక్క వ్యక్తికి, ఒక్క రోజుకు అంటగట్టే ఇటువంటి కథలను మీరు జాగ్రత్తగా చదవాలి. ఈ కథ స్థానిక స్త్రీల తరతరాల నైపుణ్యాన్ని మరుగుపరుస్తుంది.

నియమాలు, మార్పులు

మోలేకు ఆహార నియమాలు కొత్త కాదు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో కాథలిక్కులు మాంసం మానేస్తారు. అప్పుడు మెక్సికోలో 'రొమెరితోస్' అనే ఆకుకూరను, ఎండురొయ్యల వడలను మోలేలో వేసి వండుతారు. మాంసం పోయినా మోలే పోలేదు. 'మోలే వెర్దే' అనే పచ్చని రకంలో చాక్లెటే ఉండదు.

ఇప్పుడు పథ్యాన్ని చూడండి. గోధుమ పడనివారికి రొట్టెకు బదులు మొక్కజొన్న రొట్టెను, బాదం పడనివారికి గుమ్మడి గింజలను వాడవచ్చు. పంది కొవ్వు, చక్కెర మానవచ్చు. గింజలు తీసిన ఎండుమిరపకాయలను మాడకుండా వేయించి, వేడినీళ్లలో నానబెట్టి, వేయించిన గుమ్మడి గింజలు, టమోటా, మొక్కజొన్న రొట్టె ముక్కతో కలిపి మెత్తగా నూరాలి. కోడిమాంసం ఉడికిన నీళ్లతో పలుచన చేసి, సన్నని మంటమీద కాచి, మాంసం ముక్కలు వేయాలి. ఇది అసలు రూపానికి చేటు కాదు. పాత పొరకు చేరువ కావడమే.

అయితే పాతదంతా పథ్యానికి పనికివస్తుందని భావించరాదు. వేరుసెనగ అమెరికా ఖండపు పంటే, కాని కొందరికి అది ప్రాణాపాయం కలిగిస్తుంది. బజారులో దొరికే మోలే ముద్దలో గోధుమ, వేరుసెనగ, నువ్వులు ఉండవచ్చు. డబ్బామీది వివరాలు చదవాలి. ఏ దినుసు మానాలో చరిత్ర కాదు, వైద్యుడు చెప్పాలి.

ముగింపు

ఆసియా మిరియాలు మెక్సికోకు వెళ్లిన కాలంలోనే, మెక్సికో మిరప పోర్చుగీసు వారి ద్వారా మన దేశానికి వచ్చింది. 'మిరియం', 'మిరప' అనే మాటల పోలికను గమనించండి. ఈనాడు మిరప లేని ఆంధ్ర భోజనాన్ని ఊహించలేము. ఏ వంటకానికీ మారని మూలరూపం ఉండదు. కాబట్టి పథ్యం కోసం మార్చి వండినవారు సంప్రదాయాన్ని చెరచినట్లు కాదు, కొనసాగించినట్లే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మోలేలోని దినుసులను 1521కి పూర్వం, తరువాత అని విభజించండి.
2. సాంటా రోసా మఠం కథను చారిత్రక ఆధారంగా స్వీకరించవచ్చునా? కారణాలు తెలపండి.
3. మీ ఇంట్లో పథ్యం కోసం మార్చి వండే ఒక వంటకంలోని దినుసుల పుట్టుకను వివరించండి.