బడి వెంట నడిచిన కందనవోలు

మా వీధిలోకి ఎవరైనా కొత్తగా అద్దెకు దిగితే ముందు అడిగేది "ఏ ఊరు మీది?" అని. ఆ వెంటనే "పిల్లోళ్లు ఏ స్కూలు?" అని. ఈ రెండూ తెలిస్తే ఇంకేమీ అడగాల్సిన పని లేదు. పత్తికొండ అన్నా, ఆలూరు అన్నా, కోడుమూరు అన్నా వాన మీద బతికే నేల. స్కూలు పేరు వింటే ఏడాదికి ఎంత ఫీజు కడుతున్నారో, అందుకు ఎంత అప్పు తెచ్చి ఉంటారో లెక్క తేలిపోతుంది. మగాయన ఊర్లో పొలం చూసుకుంటుంటాడు. ఆమె ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఇక్కడ రెండు గదుల్లో కాపురం నడుపుతుంటుంది. "పిల్లోళ్ల సదువు కోసం కర్నూల్లో ఉండాం" అంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఈ నగరం 4 లక్షలు దాటింది. అందులో మా వీధి లాంటి వీధులు ఎన్నో. మా ఊరిని పెంచింది ఆమె చెప్పిన ఆ మాటేనని నా నమ్మకం.

నేను పుట్టింది పాత ఊర్లో, కొండారెడ్డి బురుజుకు నడిచిపోయేంత దూరంలో. అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన బురుజు అది. ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ. రెండు ఏర్ల నడుమ ఇరుక్కున్న ఊరు కాబట్టి సందులు ఇరుకు, ఇళ్లు గోడకు గోడ. అలంపురం గుళ్లకు రాళ్లు తోలే బండ్లు ఏరు దాటేముందు ఇక్కడ ఇరుసులకు కందెన పూసుకునేవని, అట్లా మా కర్నూలు పేరు కందనవోలు అయిందని పెద్దలు చెప్పే కథ. 1800లో నిజాం చుట్టుపక్కల సీమనంతా ఇంగ్లీషు కంపెనీకి వదిలేసినా, 1839లో గులాం రసూల్ ఖాన్‌ను దించేదాకా కర్నూలులో నవాబులే ఏలారు. పెద్ద పడఖానా, చిన్న పడఖానా అనే పేర్లలో ఆ ఉర్దూ వాసన ఇంకా పోలేదు.

ఆ సందుల్లోనే మా మున్సిపల్ ఎలిమెంటరీ బడి. నాపరాళ్ల నేల, వరండాకు ఒక కొసన తెలుగు తరగతి, ఇంకో కొసన ఉర్దూ తరగతి. ఎక్కాలు రెండు భాషల్లోనూ ఒకేసారి మోగేవి. దూదేకుల వాళ్ల పిల్లోడు, కంసాలాయన కొడుకు, ఏటి ఒడ్డు బెస్తోళ్ల పిల్లలు, మేము, అందరం ఒకే బండ మీద కూర్చునేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నం చల్లగా ఉండే ఆ రాళ్ల మీద పలక పెట్టి, మసిగుడ్డకు బదులు అరచేత్తో తుడిచేవాళ్లం. పేట పిల్లలకు పేట బడి, అంతే. ఇంకో బడి ఉంటుందన్న ఆలోచనే ఉండేది కాదు.

హైస్కూలు చదువుకు ఆ రోజుల్లో దారులు కొన్నే. ఒకటి మున్సిపల్ హైస్కూలు. ఇంకొకటి అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ల కోల్స్ హైస్కూలు. ఆ మిషనరీల్లో స్టాంటన్ అనే ఆయన పేరు మీదే స్టాంటన్‌పురం ఉంది. రోజూ ఆ పేట పేరు చెప్పి ఆటో ఎక్కేవాళ్లలో ఆయన ఎవరో తెలిసినవాళ్లు తక్కువ. ఊరి బయట పెద్దపాడులో 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్య ఊర్లో చదువు అయ్యాక కర్నూలుకు వచ్చి ముందు మిషన్ బడిలో, తర్వాత మున్సిపల్ హైస్కూల్లో చదివాడు. డిగ్రీకి మాత్రం అనంతపురం దత్తమండల కళాశాలకు పోవాల్సి వచ్చింది. దేశంలో ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు చదువుకునే రోజుల్లో జిల్లా కేంద్రంలో డిగ్రీ కాలేజీ లేదు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఎంతమంది సంజీవయ్యలు అనంతపురం దాకా పోలేక ఆగిపోయి ఉంటారు! ఆ లోటు 1947లో తీరింది. డాక్టర్ అబ్దుల్ హక్ పూనుకుని ఉస్మానియా కాలేజీ పెట్టాడు. హైదరాబాదు ఉస్మానియాతో కలిపేసుకుని పొరబడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇది మాది, వేరు. 2016లో కర్నూలులో వచ్చిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

తర్వాత రాజధాని వచ్చింది.

1937 నాటి శ్రీబాగ్ ఒప్పందంలో రాయలసీమకు ఇచ్చిన మాట ప్రకారం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. నెహ్రూ వచ్చాడు. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, త్రివేది గవర్నరు. హైకోర్టు గుంటూరుకు పోయింది. ఇక్కడ మేడలు లేవు కాబట్టి గుడారాలు లేచాయి. మా నాయన ఆ ఏడే ఎస్సెల్సీ ప్యాసయ్యాడు. ఒక గుడారం ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాగా కుదిరాడు. గాలి లేస్తే కాగితాల మీద రాళ్లు పెట్టుకుని రాసేవాళ్లమని, వాన పడితే ఫైళ్లను మంచం మీదికి ఎక్కించి తాము నేల మీద నిలబడేవాళ్లమని చెప్పేవాడు. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులకు ఇళ్లు దొరకలేదు. మా అవ్వ ముందు గది ఖాళీ చేసి ఒక కోస్తా కుటుంబానికి అద్దెకిచ్చింది. వాళ్లు జొన్నరొట్టె ఎట్లా తింటారోనని దిగులుపడి, వాళ్ల కోసం బియ్యం ఎక్కడెక్కడో వెతికి తెచ్చిందట.

ఆ ఉద్యోగుల కోసం పాత ఊరికి బయట, ఖాళీ నేలలో క్వార్టర్లు కట్టారు. వాటికి పేర్లు ఆలోచించే తీరిక ఎవరికీ లేనట్టుంది. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అన్నారు. మూడేళ్ల ముచ్చటగా 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. లారీలు కట్టుకుని ఆఫీసులు పోయాయి. మా ముందు గది ఖాళీ అయింది. నాయన మాత్రం పోలేదు. "అంత పెద్దూర్లో మనకేం పని?" అని అవ్వ ఆపింది. క్యాంపులు అనే పేర్లు కూడా పోలేదు. గుడారం వేసుకున్నవాళ్లు వెళ్లిపోయి 70 ఏళ్లు కావస్తున్నా, ఈ ఊర్లో "మేం క్యాంపులో ఉంటాం" అంటే మంచి పేటలో ఉన్నామని అర్థం.

రాజధాని పోయిన గాయం గురించి సీమలో చాలామంది రాశారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ ఖాళీ అయిన చోటికి ఏం వచ్చిందో ఎవరూ అంతగా చెప్పరు. మరుసటి ఏడాదే, 1957లో, మెడికల్ కాలేజీ వచ్చింది. వెడల్పు రోడ్లు, వేపచెట్లు, గోడకూ గోడకూ నడుమ జాగా ఉన్న ఆ క్యాంపుల్లోకి లెక్చరర్లు, డాక్టర్లు, గెజిటెడ్ ఉద్యోగులు చేరారు. వాళ్ల పిల్లల కోసం బడులు లేచాయి, ఆ బడుల కోసం జనం వచ్చారు. 1972లో, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా, సిల్వర్ జూబ్లీ కాలేజీ పెట్టారు. అప్పట్లో కోస్తా, తెలంగాణ, సీమ, మూడు ప్రాంతాల పిల్లలనూ చేర్చుకున్న కాలేజీ అది. శ్రీకాకుళం యాస నేను మొదట విన్నది ఆ పిల్లల నోటే, టీ అంగడి దగ్గర. 1980ల నడుమ నంద్యాల రోడ్డులో జి. పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఆయన మిఠాయిల పుల్లారెడ్డే. నేతిమిఠాయిల డబ్బు ఇంజనీర్ల చదువుకు పెట్టాడు. ఊరు నంద్యాల చెక్‌పోస్టు దాటి ఆవలికి పాకింది ఆ కాలంలోనే. హంద్రీ ఆవలి కల్లూరు ఒకప్పుడు వేరే ఊరు. ఇప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పలేం. 1994లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది.

ఆ రోజుల్లో పొద్దున పదిన్నరకు బస్టాండుకు పోతే కనిపించిన ఒక దృశ్యం నాకు ఈ ఊరి అసలు చరిత్ర లాగా తోస్తుంది. పల్లెల నుంచి వచ్చే బస్సుల్లో, డ్రైవరు పక్కన, క్యారియర్లు వరసగా ఉండేవి. హాస్టళ్లలో, గదుల్లో ఉండి చదివే పిల్లలకు ఇంటి నుంచి వచ్చిన కూడు అది. ఒక్కో క్యారియర్ మూత మీద సుద్దతోనో ఎర్ర రంగుతోనో పేరు. ఒకదానికి ఎర్రగుడ్డ పీలిక, ఇంకోదానికి పసుపు తాడు, చదువురాని తల్లి తన గుర్తుగా కట్టింది. లోపల జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి, ఒక గిన్నెలో పప్పు. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి ఎవరిది వాళ్లు తీసుకుని, నిన్నటి ఖాళీ గిన్నెలు పెట్టేసి పోయేవాళ్లు. కండక్టరు ఒక్క పైసా అడిగేవాడు కాదు. బస్సు రాకపోతే ఆ పూట పస్తే. ఆ క్యారియర్లు తీసుకుపోయినవాళ్లలో ఇప్పుడు డాక్టర్లున్నారు, తహసీల్దార్లున్నారు, అమెరికాలో ఉన్నవాళ్లూ ఉన్నారు.

అట్లా పోయినవాళ్లలో మా దాయాది కొడుకు ఒకడు టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడు. అక్కడ బడుల పాలకవర్గం నగరపాలక సంస్థకు సంబంధం లేకుండా వేరే ఉంటుందట, ఇంటి పన్నులో దాని వాటా దానికి పోతుందట. ఇల్లు ఏ హద్దులో ఉంటే పిల్లలకు ఆ బడే. అందుకే ముందు బడి చూసి, ఆ తర్వాతే ఇంటి గోడలు చూశానన్నాడు. పత్తికొండ నుంచి వచ్చిన మా వీధి ఆమె కూడా అదే చేసింది కదా అనుకున్నాను. తేడా ఒక్కటే. అక్కడ బడి పేటకు కట్టుబడి ఉంది. మా దగ్గర పసుపు బస్సు ఆ ముడి తెంచేసింది. పొద్దున ఏడున్నరకు మా సందు మొగలో ఆరు స్కూళ్ల బస్సులు ఆగుతాయి. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న పిల్లలు ఆరు దిక్కులకు పోతారు. మా మున్సిపల్ బడిలో ఇప్పుడు కూర్చునేది బస్సు ఎక్కలేని ఇళ్ల పిల్లలే. అందరం ఒకే బండ మీద కూర్చున్న ఆ రోజులు మా మనవళ్లకు లేవు. ఈ ఊరు పొందినదంతా ఒక ఎత్తు, ఈ పోగొట్టుకున్నది ఒక ఎత్తు అనిపిస్తుంది నాకు.

బస్సు మాట అటుంచితే, అసలు బడికే రాలేని పిల్లలు ఈ జిల్లాలోనే ఉన్నారు. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం వైపు పంట పోతే ఊర్లకు ఊర్లు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు మిరపతోటలకు, పత్తి చేలకు. తాళం పెట్టిన ఇంటి ముందు ముసలమ్మ, లారీలో పలకతో సహా పిల్లోడు. అవ్వాతాతల దగ్గర వదిలిపోయిన పిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్లు పెట్టింది. కర్నూలు వీధుల్లో కొత్త మేడలు లేస్తున్న నెలల్లోనే ఆ లారీలూ కదులుతాయి.

2009 అక్టోబరు 2న మాత్రం పాత ఊరు బడి, గుడి, మసీదు తేడా లేకుండా మునిగింది. సరిగ్గా రాజధాని పుట్టినరోజు మరునాడు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి, దిగువన శ్రీశైలం నిండి నీళ్లు వెనక్కి తన్నాయి. మేం మిద్దె మీదికి ఎక్కాం. నీళ్లు తీశాక మోకాటి లోతు ఒండ్రు. బంగారం ఎవరికి పోయింది, గింజలు ఎవరికి పోయాయి అని కాదు, ప్రతి ఇంటి మిద్దె మీదా ముందు ఆరేసినవి సర్టిఫికెట్లు. పదో తరగతి మార్కుల జాబితాలు, డిగ్రీ పట్టాలు, కుల ధ్రువీకరణ పత్రాలు, బట్టల క్లిప్పులు పెట్టి దండేలకు. మా నాయన ఎస్సెల్సీ పుస్తకం పుటలన్నీ అతుక్కుపోయాయి. మా అమ్మ వాటిని ఒక్కొక్కటే సూదిమొనతో విడదీసి, రెండు పంచె మడతల నడుమ పెట్టి, పక్క వీధి నుంచి అరువు తెచ్చిన బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టింది. లెక్కల మార్కులు మిగిలాయి. ఇంగ్లీషువి నీళ్లల్లో కలిసిపోయాయి.

ఆ తర్వాత పాత ఊరి జనం చాలామంది ఎత్తు మీదున్న కాలనీలకు ఇళ్లు మార్చారు. ఊరు ఇంకా ఎగువకు జరిగింది. ఆ ఎగువన ఉన్నదే జగన్నాథగట్టు. శ్రీశైలం నీళ్ల కింద పోయే రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఆ గట్టు మీద మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు దాని పక్కనే 2015లో వచ్చిన ట్రిపుల్ ఐటీ డీఎం.

పోయిన ఏడు నా మనవణ్ణి మా మున్సిపల్ బడికి తీసుకుపోయాను. వాడు చదివేది ఊరికి ఇంకో కొసన, పసుపు బస్సులో. సర్కారు నాడు–నేడు పథకం కింద గోడలకు కొత్త రంగులు వేశారు, బెంచీలు వచ్చాయి, నాపరాళ్ల మీద టైల్స్ పరిచారు. 2009 వరద గోడ మీద మిగిల్చిన గీత రంగు కింద పడిపోయింది. అయినా నాకు తెలుసు అది ఎక్కడో. ఉర్దూ తరగతి వాకిలి పైన, గడప నుంచి నా చెయ్యి చాపినా అందనంత ఎత్తు. చూపించాను. "అంత వరకా?" అన్నాడు. చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని, చెయ్యి పైకెత్తి ఎగిరాడు. అందలేదు. తరగతిలో ఉన్న పిల్లలు ఇద్దరు బయటికి వచ్చి వాడి పక్కన నిలబడి, వాళ్లూ ఎగరడం మొదలుపెట్టారు.