స్ట్రీతమ్ స్ట్రీట్ ఆదర్శ గృహసముదాయం: గ్యాలరీ నిర్మాణ నేపథ్యం

ఉపోద్ఘాతం:
విక్టోరియా యుగపు లండన్‌లో శ్రామికుల నివాసం తీవ్ర సామాజిక సమస్యగా పరిణమించింది. 1840లలో సెయింట్ గైల్స్ మురికివాడ మీదుగా న్యూ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ నిర్మించడంతో నిర్వాసితులైన పేదలు చుట్టుపక్కల ఇరుకు గదుల్లోకే చేరారు. 1848-49 నాటి కలరా ఈ దుస్థితిని మరింత స్పష్టం చేసింది. ఈ నేపథ్యంలో, 1844లో ఏర్పడిన శ్రామికవర్గ స్థితిగతుల మెరుగుదల సంఘం కోసం వాస్తుశిల్పి హెన్రీ రాబర్ట్స్ బ్లూమ్స్‌బరీలోని స్ట్రీతమ్ స్ట్రీట్‌లో 1849-50లో ఒక గృహసముదాయాన్ని నిర్మించాడు. అందులోని గ్యాలరీల ప్రయోజనాన్ని వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

నిర్మాణ స్వరూపం:
48 కుటుంబాల కోసం ఉద్దేశించిన ఈ బహుళ అంతస్తుల భవనం లోపలి ఆవరణను ఆనుకొని ఉంటుంది. ఉమ్మడి మెట్లెక్కి, ఆవరణ వైపు తెరచి ఉన్న గ్యాలరీ వెంట నడిచి ఎవరి వాకిట్లోకి వారు చేరుకుంటారు. మన వసారాను తలపించే ఈ గ్యాలరీ ప్రతి అంతస్తులోనూ వీథివలె పనిచేస్తుంది. ప్రతి ఇంటికీ ప్రత్యేక మరుగుదొడ్డి ఉండటం ఆనాటి శ్రామిక నివాసాలలో అరుదైన సౌకర్యం. అగ్నిప్రమాద నివారణకై అంతస్తులకు బోలు ఇటుకల కమానులను వాడారు.

గ్యాలరీ వెనుక చట్టం:
ఈ ఏర్పాటుకు పన్నుల విధానం ఒక ముఖ్య కారణం. 1696లో మొదలైన కిటికీ పన్ను కింద భవనమంతటినీ ఒకే ఇల్లుగా లెక్కిస్తే భారం అధికమయ్యేది. 1825 నుంచి ఎనిమిదికంటే తక్కువ కిటికీలున్న ఇళ్లకు మినహాయింపు ఉండేది. గ్యాలరీలోకి తెరుచుకునే ప్రతి నివాసాన్ని విడి ఇల్లుగా పరిగణింపజేయడం ద్వారా రాబర్ట్స్ ఆ భారాన్ని తప్పించాడు. చెడుగాలివల్లనే రోగాలు వ్యాపిస్తాయని నమ్మిన ఆ కాలంలో, మూసిన నడవాకు బదులు గాలి ఆడే గ్యాలరీ ఆరోగ్యరీత్యా కూడా ఆమోదయోగ్యమైంది. అయితే పై గ్యాలరీ నీడవల్ల ఆ వైపు కిటికీలకు వెలుతురు తగ్గుతుంది. వెలుతురుపై పన్నును తప్పించుకొనేందుకు కొంత వెలుతురునే వదులుకోవలసి వచ్చింది.

ముగింపు:
1851లో కిటికీ పన్ను రద్దయింది. గ్యాలరీ మాత్రం నిలిచింది. అదే ఏడాది మహాప్రదర్శన సందర్భంగా ప్రిన్స్ ఆల్బర్ట్ ప్రోత్సాహంతో రాబర్ట్స్ రూపొందించిన నమూనా ఇళ్లలో పై అంతస్తు ప్రవేశం ఆరుబయటి మెట్లు, గ్యాలరీ ద్వారానే సాగింది. తరువాతి లండన్ ప్రభుత్వ గృహాలలోనూ ఈ పద్ధతి విరివిగా కనిపిస్తుంది. కాబట్టి దీనిని కేవలం పన్ను ఎత్తుగడగా భావించడం సరికాదు. ఉమ్మడి భవనంలోనూ పేదవానికి తనదైన గడపను అది కల్పించింది. కానీ ఆ అద్దె క్రమమైన వేతనం గల పనివారికే అందుబాటులో ఉండటంతో, మురికివాడలోని నిరుపేదలకు ఆ గడప దూరంగానే మిగిలింది. వాస్తుశిల్పం చట్టపు అడ్డంకిని దాటగలిగింది గాని, ఆదాయపు అడ్డంకిని దాటలేకపోయింది. పార్నెల్ హౌస్ పేరుతో నేటికీ నివాసంగా ఉన్న ఈ భవనం ఆ విజయానికీ, ఆ పరిమితికీ సాక్ష్యం.