పికప్, లిఫ్ట్, ఎక్కించుకోవడం: శ్రీ సిటీ పరిసరాల వ్యవహారంలో ఒక ఇంగ్లీషు పదబంధ క్రియ

ఇంగ్లీషు పదబంధ క్రియలు తెలుగు విద్యార్థిని ఇబ్బందిపెట్టడం కొత్త సంగతి కాదు. క్రియ అర్థం తెలుసు, దాని వెనక వచ్చే చిన్న అవ్యయం అర్థమూ తెలుసు. రెండూ కలిశాక పుట్టే అర్థం మాత్రం విడిగా దేనిలోనూ దొరకదు. పరభాషీయులకు బాగా కష్టమైనవి ఇవేనని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు పీఠికలో గుర్తించాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. అయితే ఈ కష్టం పుస్తకం పట్టుకుని నేర్చుకునేవాళ్లది. పనిలో చేరి, చెవిన పడిన మాటను మర్నాటి నుంచే వాడుకునేవాళ్లకు ఈ బాధ లేదు. వాళ్ల నోట ఆ మాట తెలుగు వ్యాకరణానికి లొంగిపోతుంది. ఎలా లొంగుతుందో ‘పికప్’ అనే ఒక్క మాటను పట్టుకుని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

పరిశీలనకు శ్రీ సిటీని ఎంచుకోవడానికి కారణం ఉంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో, చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో 2008లో మొదలైన పారిశ్రామిక నగరం ఇది. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోది, 2022 నుంచి తిరుపతి జిల్లాలోది. ఇసుజు, ఆల్‌స్టామ్, మాండెలీజ్, డైకిన్ వంటి సంస్థల ఫ్యాక్టరీలు ఇక్కడున్నాయి. పనిచేసేవాళ్లు తడ, సూళ్లూరుపేట, సత్యవేడు వైపుల నుంచీ, సరిహద్దు అవతలి తమిళ ఊళ్ల నుంచీ కంపెనీ బస్సుల్లో వస్తారు. షిఫ్టు మారినప్పుడల్లా ఈ దారుల్లో వినబడే మాట ‘పికప్’.

తెల్లవారుజామున ఫోన్లో మాట ఇట్లా సాగుతుంది: “నా, బండి యాడుండాది? హైవే కాడ పికప్ చేసుకుంటాడా, ఊళ్లోకి వస్తాడా?” ఇంగ్లీషులో ఈ క్రియ విడిపోగలదు. ఎవరిని ఎక్కించుకోవాలో ఆ మనిషిని సూచించే మాట క్రియకూ అవ్యయానికీ నడుమ దూరుతుంది. తెలుగులో కర్మ ముందే వచ్చేస్తుంది, క్రియ చివర నిలుస్తుంది. అందువల్ల తెలుగు ఈ రెండు ముక్కలనూ ఒకే ముద్దగా తీసుకుని నామపదం చేసింది, క్రియాభారమంతా తన సహాయక్రియల మీద పెట్టింది. అసలు విశేషం అక్కడ మొదలవుతుంది.

‘బస్సు ఆరింటికి పికప్ చేస్తుంది’ అంటే అది బస్సు బాధ్యత. ‘వచ్చేటప్పుడు నన్ను పికప్ చేసుకో’ అంటే నీ దారిలో, నీతోపాటు అని. ‘కొను’ చేరడంతో వచ్చిన ఈ ఆత్మార్థక భేదం ఇంగ్లీషు క్రియలో లేదు. ‘అవు’ చేరితే ఇంకో మలుపు. కొత్తగా చేరిన కుర్రాడు పని పట్టుకున్నాడని చెప్పేటప్పుడు ఇంగ్లీషులో అతను కర్త, నేర్చుకున్న పని కర్మ. మనవాళ్లు ‘పిల్లోడు పికప్ అయినాడు’ అంటారు. ఇక్కడ కర్మ లేదు, మారినవాడు పిల్లవాడే. పని ఒంటబట్టడాన్ని ఇంతకన్నా దగ్గరగా చెప్పే ఇంగ్లీషు వాక్యం నాకు తోచడం లేదు. మందగించిన వ్యాపారం ఊపందుకున్నా అదే మాట: పికప్ అయింది.

జతగా వచ్చే ‘డ్రాప్’ అవ్యయాన్ని వదిలేసుకుని తెలుగులోకి వచ్చింది. దాని అర్థాలనూ సహాయక్రియే వేరుచేస్తుంది. ‘డ్రాప్ చేస్తా’ అంటే దించుతాను. ‘డ్రాప్ అయినా’ అంటే ఆ పని మానుకున్నాను.

వాహనానికి ఈ మాట రెండు విధాల తగిలింది. ఇసుజు 2016 ఏప్రిల్‌లో ఏడాదికి 50,000 వాహనాల సామర్థ్యంతో శ్రీ సిటీలో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ తయారయ్యే డీ-మ్యాక్స్ పికప్ బండే. చిత్తూరు వైపు మామిడి రైతుకు, ఏ కంపెనీదైనా సరే, వెనక తొట్టి ఉన్న చిన్న బండి పికప్. తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి తోలేది అందులోనే. బండి వేగం అందుకునే శక్తి కూడా పికప్పే. ‘ఈ పికప్‌కి పికప్ లేదు’ అన్నా వినేవాడికి తికమక ఉండదు, ఏది బండో ఏది శక్తో వాక్యంలోని స్థానమే చెబుతుంది.

అర్థం దృష్ట్యా నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడింది ‘పికప్’కూ ‘లిఫ్ట్’కూ మధ్య ఏర్పడ్డ సరిహద్దు. ఫోన్ విషయంలో ఇంగ్లీషు ఈ పదబంధ క్రియను వాడే చోట మనం ‘లిఫ్ట్ చేయలేదు’ అంటాం. ‘ఎత్తలేదు’ అన్న తెలుగు క్రియకు ఇంగ్లీషు తొడుగు అది. ప్రయాణం విషయంలో రెండు మాటలూ ఉన్నాయి, పని మాత్రం పంచుకున్నాయి. దారిన పోయే బండిని ఆపి అడిగేది లిఫ్ట్. అది అవతలివాడి దయ. పికప్‌కు చోటు ముందే తెలుసు, వేళ తెలుసు, రాకపోతే ఫోన్ చేసి నిలదీసే హక్కు ఉంది. ‘ఎక్కించుకోవడం’ ఈ రెండింటికీ సరిపోతుంది కాబట్టే ఏ ఒక్కదాన్నీ ప్రత్యేకించి చెప్పలేదు. చక్కటి తెలుగు మాట ఉండగా ఇంగ్లీషెందుకని బాధపడేవాళ్లు ఈ తేడాను గమనించాలని నా కోరిక.

ఈ హక్కు అన్న అర్థం ఆడపిల్లల ఉద్యోగాల దగ్గర మరీ స్పష్టం. ఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ యూనిట్ 2015లో ఇక్కడ పని మొదలుపెట్టినప్పటి నుంచి అందులో అత్యధికులు మహిళలే. కూతురు షిఫ్టు ఉద్యోగంలో చేరతానంటే పల్లెటూరి తల్లి జీతంతోపాటు అడిగే ప్రశ్న, ‘మనూరికి పికప్ ఉందా?’ ఈ వాక్యంలో చేయడం, చేసుకోవడం ఏవీ లేవు. క్రియగా బయల్దేరిన మాట ‘ఉంది, లేదు’ అని చెప్పదగిన సౌకర్యమైంది. ఊళ్లో కొళాయి ఉందా, బడి ఉందా అని అడిగే వరసలోకి చేరింది. దానిమీద ఒక అమ్మాయి ఉద్యోగం ఆధారపడుతుంది కాబట్టి ఈ చిన్న వాక్యాన్ని భాషాశాస్త్రం తేలిగ్గా తీసుకోకూడదు.

సరిహద్దు ఊళ్లలో తమిళం మాట్లాడేవాళ్లు ఇదే పనికి ‘పికప్ పణ్ణిక్కో’ అంటారు. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు ‘పికప్ కర్ లో’ అంటారు. తెలుగు ‘కొను’, తమిళ ‘కొళ్’, హిందీ ‘లేనా’ ఒకే పని చేస్తున్నాయి. ఒకే బస్సులో ఎక్కే ముగ్గురు మూడు భాషల్లో ఒకే అచ్చులో వాక్యం పోస్తున్నారు. ముద్ద ఇంగ్లీషుది, వ్యాకరణం ఎవరిది వాళ్లదే.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలై, 1971లో చేనేతకు సాగిన మాండలిక వృత్తిపదకోశాలు పనివాళ్ల నోటి మాటను పనిచోటుకే వెళ్లి సేకరించాయి. ఆ పద్ధతిలోనే ఫ్యాక్టరీ వ్యవహారాన్నీ సేకరించాలి. సేకరించేటప్పుడు పదం ఒక్కటే రాసుకుంటే చాలదు. ‘బ్రేక్‌డౌన్ అయింది’ అని ఎవరన్నారు, ‘షట్‌డౌన్ తీసుకున్నాం’ అని ఎవరన్నారు, మిషన్ దగ్గర నిలబడ్డవాడా, మరమ్మతుకు వచ్చినవాడా అన్నది కూడా నమోదు కావాలి.